తాయెత్తులో సోషలిజం

ఎడిత్ నెస్బిట్ సోషలిస్టు. ఈ మాట మొట్టమొదటే చెప్పడానికి కారణం ఉంది. ఆమె పేరు ఎరిగిన మనవాళ్ళు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో కూడా ఆమె సోషలిజాన్ని ఆమె జీవితచరిత్రలో ఒక వింతగా చూసి వదిలేసేవాళ్ళే గాని, దాన్ని ఆమె రాసిన మాయల కథల్లో వెతికినవాళ్ళు నాకు తటస్థపడలేదు. 1858లో లండన్‌లో పుట్టి, 1924లో కెంటులో ఒక మారుమూల పల్లెలో కన్నుమూసిన ఈ రచయిత్రి గేయాలు రాసింది, నవలలు రాసింది, దయ్యాల కథలు రాసింది, పిల్లలకు మాయల కథలు రాసింది. ఏది రాసినా చాలావరకు ఇల్లు గడవడానికే రాసింది.

1884 జనవరిలో లండన్‌లో ఫేబియన్ సొసైటీ ఏర్పడ్డప్పుడు తొలి సభ్యుల్లో ఆమె ఒకతె. ఆమె భర్త హ్యూబర్ట్ బ్లాండ్ ఆ సంఘానికి కోశాధికారి. బెర్నార్డ్ షా, సిడ్నీ వెబ్, అనీబిసెంటు, వీళ్ళందరూ తరవాత వచ్చి చేరినవాళ్ళు. 1885లో పుట్టిన కొడుక్కి ఆ దంపతులు ఫేబియన్ అనే పేరు పెట్టుకున్నారు. మన కార్యకర్తలు పిల్లలకు లెనిన్ అనీ స్టాలిన్ అనీ పేర్లు పెట్టుకోలేదూ? ఇదీ అలాంటిదే.

అటువంటి మనిషి సోషలిస్టు గేయాలు రాయకుండా ఉంటుందా? రాసింది. పాతికేళ్ళ పాటు రాసినవాటిని 1908లో ఫేబియన్ సొసైటీయే పుస్తకంగా వేసింది. నేను ఆ గేయాలను రెండుసార్లు చదివాను, రెండోసారి బలవంతాన. అందులో ఆకలి ఉంది, అన్యాయం ఉంది, తెల్లవారబోతున్నదన్న భరోసా ఉంది. లేనిదల్లా మనిషి. ఆకలిగొన్నవాడి పేరు తెలియదు, ఊరు తెలియదు, వాడు ఏ పూట ఏం తినలేదో తెలియదు. ఇలాంటి గేయాలు మన పత్రికల్లోనూ కుప్పలు తెప్పలుగా వచ్చాయి, వస్తున్నాయి. అవి రాసినవాళ్ళ నిజాయితీని నేను శంకించను. నెస్బిట్ నిజాయితీని అసలే శంకించను. ఆమెకు మహాకవయిత్రి కావాలని ఉండేది. ఆ కోరిక తీరలేదు. ఆమె ఎంతో గంభీరంగా రాసిన సోషలిజం ఆ గేయాలతోనే మాసిపోయింది. పత్రికవాడు ఇచ్చే డబ్బు కోసం, పిల్లల్ని నవ్వించడానికి రాసిన చోట అది ఇప్పటికీ బతికి ఉంది. ఇది ఎలా జరిగిందన్నదే నా ప్రశ్న.

పిల్లల కథలకు పోయే ముందు దయ్యాల కథల గురించి రెండు మాటలు. 1893లో వచ్చిన 'గ్రిమ్ టేల్స్' సంపుటిలో పాలరాతి విగ్రహాల కథ ఒకటి ఉంది. కొత్తగా పెళ్ళయిన జంట, చేతిలో పెద్దగా డబ్బు లేని కళాకారులు, పల్లెలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంటారు. ఒకప్పుడు అక్కడ ఇద్దరు దుర్మార్గులైన ప్రభువుల మేడ ఉండేది. వాళ్ళ విగ్రహాలు దగ్గర్లోని చర్చిలో పడుకుని ఉంటాయి. అంత దుర్మార్గులకు దేవుడి సన్నిధిలో చోటెలా దొరికిందంటే, వారసులు బంగారం పోసి కొన్నారట. ఏటా ఒక రాత్రి ఆ విగ్రహాలు లేచి తమ పాత ఇంటికి నడిచి వస్తాయి. ఈ సంగతి ఇంట్లో పనిచేసే ఆడమనిషికి తెలుసు. చెబుతుంది, చెప్పి ఆ రాత్రికి ఉండకుండా వెళ్ళిపోతుంది. చదువుకున్న భర్త నవ్వుకుంటాడు, భార్యకు చెప్పనైనా చెప్పడు. అతను బయటికి వెళ్ళి వచ్చేసరికి భార్య చచ్చి పడి ఉంటుంది. ఇది దయ్యాల కథే, భయపెట్టడానికే రాసిన కథ. అయినా చచ్చినా చావని ప్రభువులూ, పనిమనిషి మాటను లెక్కచేయని చదువరీ ఇందులో ఉన్నారు. ఆమె గేయాలు మొత్తం చదివినా ఈ ఇద్దరిలో ఒక్కరినీ ఇంత దగ్గరగా చూడలేం. మందులతో మనిషి శక్తుల్ని మార్చబోయే శాస్త్రజ్ఞుల కథలు కూడా ఆమె రాసింది. అవి వెల్స్ నీడలో నడిచిన కథలు, వాటిని వదిలేయవచ్చు.

ఇక పిల్లల పుస్తకాలు. 'ఫైవ్ చిల్డ్రన్ అండ్ ఇట్' 1902లో వచ్చింది. కెంటులో ఒక కంకర గుంటలో ఇసుక తవ్వుతున్న పిల్లలకు ఒక వింత జంతువు దొరుకుతుంది. నత్త కళ్ళు, గబ్బిలం చెవులు, కోతి చేతులు, సాలీడు పొట్ట, ఒళ్ళంతా బొచ్చు. ఎప్పుడూ చిరాకు. రోజుకు ఒక కోరిక తీరుస్తుంది. తీర్చింది పొద్దుగూకగానే మాయమవుతుంది. దానికి రచయిత్రి గ్రీకులోంచి ఒక పేరు అల్లింది. నా తెలుగులో దాన్ని ఇసుకాసురుడు అంటున్నాను. ఆ పేరు వినగానే పిల్లలు నవ్వారు గనక అదే ఉంచాను.

పిల్లలు ధనం కోరతారు. కంకర గుంట నిండా బంగారు నాణాలు పడతాయి. జేబుల నిండా నింపుకుని ఊళ్ళోకి పోతారు. దాదాపు ఏ దుకాణదారూ తీసుకోడు! అవి పాతకాలపు గినీలు, పైగా దుమ్ముకొట్టుకుపోయిన పిల్లల చేతుల్లో ఉన్నాయి. చివరకు గుర్రాలమ్మేవాడు పోలీసును పిలుస్తాడు. బంగారానికి విలువ బంగారంలోనే ఉందనుకునే పిల్లలకు, అది మనుషుల మధ్య ఒప్పందంలో ఉందనీ, ఆ ఒప్పందంలో ఎవరి చేతిలో ఉందన్నది కూడా లెక్కకు వస్తుందనీ తెలిసివస్తుంది. మార్క్సు 'పెట్టుబడి' మొదటి అధ్యాయాలు చదవలేక పుస్తకం మూసేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళకు ఈ కథ చెప్పి చూశాను, ఫరవాలేదు.

అదే పుస్తకంలో ఇంకొక సంగతి. ఈ మాయలేవీ పనివాళ్ళ కంట పడకూడదని పిల్లలు ముందే కోరుకుంటారు. కథ నడవడానికి ఇదొక సదుపాయం. ఫలితం ఏమిటంటే, ఇల్లు కోటగా మారి శత్రుసేనలు చుట్టుముట్టినా ఆయా మార్తా మాత్రం రోజూ లాగానే భోజనం వడ్డిస్తూ ఉంటుంది. ఆమెకు కోటా లేదు, సేనా లేదు, పని ఉంది. ఈ హాస్యం వెనక రచయిత్రి ఎంత ఆలోచించిందో నేను చెప్పలేను. కాని చివరి అధ్యాయానికి వచ్చేసరికి ఆలోచించే రాసిందని నమ్మక తప్పదు. పిల్లలు అమ్మ మీద ప్రేమతో పక్క జమీందారిణి నగలన్నీ అమ్మవి కావాలని నోరు జారతారు. నగలు వచ్చి పడతాయి. అనుమానం ఎవరిమీదికి పోతుంది? మార్తాను పెళ్ళాడబోయే వేటకాపరి మీదికి. ఆ రోజు ఇంటి కిటికీలు తుడవడానికి సాయం వచ్చినందుకు. ఉన్నవాళ్ళ పిల్లల ముద్దుకోరిక లేనివాడి మెడకు ఉరితాడవుతుంది. ఆ తాడు తప్పించడానికి పిల్లలు ఇకముందు ఒక్క కోరికా కోరమని ఇసుకాసురుడికి మాటిచ్చి మాయను వదులుకుంటారు.

నేను ఇప్పుడు తెలుగు చేస్తున్నది ఈ పుస్తకం కాదు, 1906లో వచ్చిన మూడోది: 'ది స్టోరీ ఆఫ్ ది ఎమ్యులెట్'. ఎమ్యులెట్ అంటే తాయెత్తు. ఇక్కడే నాకు చిక్కు వచ్చింది.

మా సంఘంలో ఒక యువమిత్రుడున్నాడు. సైన్సు మేష్టరు. తాయెత్తులు, విభూదులు, నిమ్మకాయల మీద ఊరూరా తిరిగి ప్రదర్శనలిస్తాడు. సంగతి విని వచ్చాడు.

"మాస్టారూ, జన్మంతా తాయెత్తులు తెంపమని ఉపన్యాసాలిచ్చి ఇప్పుడు మీరే పిల్లల మెడలో కడతారా?"

"పుస్తకం చదివావా నాయనా?"

"లేదండీ."

"అయితే కూర్చో."

కూర్చున్నాడు గాని, అతని అభ్యంతరం తేలికైనదేమీ కాదు. 1906 నాటి లండన్ పిల్లవాడికి తాయెత్తు మ్యూజియంలో అద్దాల బీరువాలో కనిపించే వస్తువు. మన పిల్లవాడికి అది పక్కవాడి మెడలో ఉంది, లేదా తన మెడలోనే ఉంది. జ్వరం వస్తే ఆస్పత్రికి పోయే ముందు దర్గాకో, మంత్రగాడి దగ్గరకో పోయే తల్లులు నా విద్యార్థుల ఇళ్ళల్లో ఎంతోమంది ఉండేవాళ్ళు. ఆ తాయెత్తుకు రూపాయలు పోస్తారు, బిడ్డకు మందు ఆలస్యమవుతుంది. అటువంటి దేశంలో తాయెత్తు కథానాయకుడైన పుస్తకాన్ని అభ్యుదయం పేర పంచిపెట్టవచ్చునా?

ఈ తగవు మనకు కొత్తది కాదు. కొడవటిగంటి కుటుంబరావు హేతువాది, మార్క్సిస్టు. ఆయన 1952 మొదలు 1980లో చనిపోయేదాకా 'చందమామ' సంపాదకత్వం చూశాడు. మొండి విక్రమార్కుడు చెట్టు దగ్గరకు తిరిగి వెళ్ళడమూ, శవంలోని బేతాళుడు మాట్లాడడమూ ఆయన చేతి మీదుగానే నెలనెలా జరిగాయి. దీన్ని ఆయన బతుకుతెరువుగా కొట్టివేసేవాళ్ళు ఆయనకూ అన్యాయం చేస్తున్నారు, బేతాళ కథలకూ అన్యాయం చేస్తున్నారు. బేతాళుడు వరాలిచ్చేవాడు కాదు, ప్రశ్న అడిగేవాడు. తెలిసీ జవాబు చెప్పకపోతే తల వెయ్యి వక్కలవుతుంది. కథలో మాయ ఉన్నదా లేదా అనే లెక్క కంటే, ఆ మాయ పిల్లవాడి చేత ఏం చేయిస్తున్నదనే లెక్క ముఖ్యమని నేననుకుంటాను.

నెస్బిట్ తాయెత్తు ఏం చేయిస్తున్నదో చూడండి. తండ్రి రష్యా జపాను యుద్ధవార్తలు పంపడానికి మంచూరియా పోయాడు, తల్లి జబ్బుచేసి చంటివాడితో మదీరా దీవిలో ఉంది. నలుగురు పిల్లలు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియానికి కూతవేటు దూరంలో, ముసలి దాది ఇంట్లో ఉంటారు. వాళ్ళకు దొరికిన తాయెత్తు సగమే. పూర్తి తాయెత్తుకు కోరిక తీర్చే శక్తి ఉంది, సగానికి లేదు. మిగతా సగాన్ని వెతుక్కోవడానికి మాత్రం అది పనికివస్తుంది: తూర్పుకు ఎత్తి మంత్రం చదివితే పెరిగి ద్వారమవుతుంది, అందులోంచి గతంలోకి నడిచిపోవచ్చు. ఈజిప్టుకు, బాబిలోనుకు, సీజరు నాటి తీరానికి. ఈజిప్టు వివరాల కోసం ఆమె బ్రిటిష్ మ్యూజియంలో పురావస్తు శాఖాధిపతి వాలిస్ బడ్జ్ దగ్గరకు వెళ్ళి అడిగి తెలుసుకుంది. పుస్తకం ఆయనకే అంకితమిచ్చింది. తాయెత్తుల గురించి రాయడానికి ఆమె పోయింది పండితుడి దగ్గరికన్న మాట. నా పుస్తకానికి 'సగం తాయెత్తు' అని పేరు పెట్టాను. ఆ 'సగం' మా సైన్సు మేష్టరుకు కొంత ఊరట కలిగించింది.

పుస్తకానికంతటికీ ప్రాణమైన అధ్యాయం బాబిలోను రాణి లండన్ రావడం. పిల్లలు గుర్రపుబండిలో ఎక్కించి ఊరు చూపిస్తారు. రాజభవనం ఆమెకు నచ్చదు. పార్లమెంటు భవనమూ అంతే. ఓడలు నచ్చుతాయి. బండి తూర్పు లండన్‌లో మైల్ ఎండ్ రోడ్డు మీదుగా పోతున్నప్పుడు ఆమె రెండు పక్కలా చూసి, మీ బానిసల్ని ఇంత అధ్వాన్నంగా ఉంచుకున్నారేమని అడుగుతుంది. వాళ్ళు బానిసలు కారు, పనివాళ్ళు అని పిల్లలు చెబుతారు. ఆ తేడా ఆమెకు అంతుపట్టదు. ఇలా ఉంచితే తిరగబడతారు జాగ్రత్త, అంటుంది. తిరగబడరు, వాళ్ళకు ఓట్లున్నాయి అంటాడు పెద్దవాడు సిరిల్. ఓటంటే ఏమిటి, తాయెత్తా? దానితో వాళ్ళేం చేస్తారు? పాపం సిరిల్‌కు తెలియదు. ప్రత్యేకంగా ఏమీ చేయరని ఒప్పుకుంటాడు. ఓహో, ఆటవస్తువన్న మాట అని రాణి తీర్మానించి, ఆ వీధిలో ఉన్న ప్రతి మనిషి చేతిలోనూ వాడికిష్టమైన తిండీ పానీయమూ ఉండాలని కోరుతుంది. ఇసుకాసురుడు సంచిలో ఉన్నాడు గనక కోరిక తీరుతుంది. ఆ వీధి జనం అంతా ఒక్క పూట కడుపునిండా తింటారు.

ఈ రెండు పేజీలు తెలుగు చేయడానికి నాకు వారం పట్టింది. మాటలు కష్టమై కాదు. బానిసలకు యజమానురాలైన రాణి నోట ఈ ప్రశ్న పెట్టడంలో ఉన్న వాత చూడండి. కూలివాడి నోట పెడితే అది ఉపన్యాసం. సంస్కర్త నోట పెడితే దయ. బానిసల్ని మేపడం తెలిసిన మనిషి వచ్చి, మేపు బాగోలేదని వ్యాపారపు కంటితో అన్నప్పుడు జవాబు చెప్పుకోవలసినవాళ్ళు స్వేచ్ఛాప్రియులైన ఇంగ్లీషువాళ్ళు! అయినా రాణిని రచయిత్రి మంచిదాన్ని చేయలేదు. ఈ రాణే మరి కాసేపటికి మనుషుల్ని చంపించబోతుంది. తాయెత్తు పుస్తకంలో అసలైన తాయెత్తు ఏది అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. అయిదేళ్ళకోసారి మన చేతికి వచ్చే ఆ వస్తువు గురించి ఆమె చేసిన ఎగతాళిని నేను పూర్తిగా ఒప్పుకోను. మైల్ ఎండ్ రోడ్డు మగవాళ్ళలో కొందరికి మాత్రమే ఓటున్న రోజులవి, ఆడవాళ్ళకు అసలే లేదు. ఆడవాళ్ళ ఓటు పోరాటంలో నెస్బిట్ కలిసిరాలేదు, ఆమె భర్త బాహాటంగా వ్యతిరేకించాడు. ఓటును ఆటవస్తువనడం ఎంత చమత్కారంగా ఉన్నా, అది దొరకనివాళ్ళు దానికోసం జైళ్ళకు పోతున్న సమయం అది. కాని ఓటున్నా దానితో ఏమీ చేయని సిరిల్ జవాబు మాత్రం నన్ను ప్రతి ఎన్నికలకూ వచ్చి పలకరిస్తూనే ఉంటుంది.

అక్కడినుంచి రాణి బ్రిటిష్ మ్యూజియానికి పోతుంది. అద్దాల బీరువాల్లో తన నగలు కనిపిస్తాయి. నావి నాకిచ్చేయండి అంటుంది. ఇవ్వరు. బాబిలోనువన్నీ తన దగ్గరకు రావాలని కోరగానే ఎద్దు విగ్రహాలతో సహా అన్నీ లోపలినుంచి బయటి ఆవరణలోకి వచ్చేస్తాయి. గుంటూరు జిల్లావాణ్ణి, ఈ పేజీ చదివి ఊరుకోవడం నాకు సాధ్యం కాలేదు. మా అమరావతి స్తూపం రాళ్ళను వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించాడు. అవి మద్రాసులో ఎండకు ఎండి, తరవాత ఓడెక్కి, 1880 నుంచి అదే మ్యూజియంలో ఉన్నాయి. నెస్బిట్ ఆ మ్యూజియానికి వెళ్ళిన రోజుల్లో అవి అక్కడే ఉన్నాయి. అమరావతి నుంచి రాణి ఎవరూ రాలేదు. మ్యూజియం వస్తువులు ఎవరివన్న వాదన పెద్దల సభల్లోకి ఇంతగా ఎక్కకముందే ఒక పిల్లల పత్రికాకథలో అవి తమంతట తాము లేచి నడిచి బయటికి వచ్చాయి. ఆ అల్లరి చూసి పరుగెత్తుకొచ్చిన విలేఖరి, ఇది థియాసఫీ మహిమా, ఈవిడ మిసెస్ బిసెంటేనా అని అడుగుతాడు. ఔననేస్తాడు సిరిల్. ఇది రచయిత్రి పాత స్నేహితురాలి మీద విసిరిన చమత్కారం. 1888లో అదే తూర్పు లండన్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల సమ్మె వెనక నిలబడ్డ అనీబిసెంటు, మరుసటేడే థియాసఫీలోకి పోయి, ఆ తరవాత అడయారుకు వచ్చేసింది. 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టింది కూడా ఆమే. ఉద్యమంలోంచి మహిమల్లోకి పోయిన సహచరిని నెస్బిట్ ఒక్క వాక్యంలో గిల్లి వదిలేసింది. మన విమర్శకులు ఇలాంటి సందర్భంలో ఇరవై పేజీలు రాస్తారు.

ఈజిప్టు వీధిలో ఒక కూలినాయకుడు ఉపన్యసిస్తూ ఉంటాడు. యజమానులు కూర్చుని తింటున్నారు, మనం చాకిరీ చేస్తున్నాం అంటాడు. ఈ మాటలన్నీ పోయిన ఆదివారం హైడ్ పార్కులో విన్నవే గదా అని పిల్లల్లో ఒకడు గొణుగుతాడు. నవ్వొస్తుంది, ఆపైన కొంచెం గుండె జారుతుంది. ఇన్ని వేల ఏళ్ళూ ఇదే ఉపన్యాసమా? కథ అతన్ని దాటి పోతుంది. ఇంకొక చోట దిక్కులేని పిల్ల ఒకతె ఉంది, ఇమొజెన్. తల్లి చనిపోయింది, వర్క్‌హౌసుకు, అంటే అనాథల్ని పడేసే సర్కారు కొట్టంలాంటిదానికి పంపబోతున్నారు. తాయెత్తు ద్వారా ఆమెను తీసుకుపోతే, సీజరు దండెత్తిన నాటి బ్రిటన్ అడవుల్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒకతె ఆమెను చేరదీస్తుంది. ఎవరి కన్నైనా చెమ్మగిలే ఘట్టమది. ఆలోచిస్తే కోపమూ వస్తుంది. ప్రపంచంలోకెల్లా ధనవంతమైన నగరంలో ఆ పిల్లకు ఒక తల్లి దొరకలేదు. దొరకడానికి రెండు వేల ఏళ్ళు వెనక్కి పోవలసివచ్చింది.

భవిష్యత్తుకు మాత్రం ఆమె ఒక్క అధ్యాయమే ఇచ్చింది. భవిష్యత్తు లండన్‌లో పొగ లేదు, థేమ్స్ నీళ్ళు తేటగా ఉన్నాయి, చంటిపిల్లల్ని తండ్రులు కూడా ఆడిస్తున్నారు. ఒక కుర్రవాడు ఏడుస్తూ ఉంటాడు. ఎందుకయ్యా అంటే, వీధిలో చెత్త వేసినందుకు ఒక్క రోజు బడికి రావద్దన్నారట! బడికి పోలేకపోవడం శిక్ష అయిన లోకం. మూడు దశాబ్దాలు బడిలో గడిపినవాణ్ణి, ఈ ఊహకు మించిన ఊహ నాకు ఏ భవిష్యత్ కథలోనూ కనపడలేదు. ఆ కుర్రవాడి తల్లి 1906 నాటి లండన్‌ను తాయెత్తులోంచి చూసి భరించలేకపోతుంది. అతని పేరు వెల్స్. ఒక మహా సంస్కర్త పేరట. హెచ్.జి. వెల్స్ అప్పటికి ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్న స్నేహితుడు. అదే 1906లో అతను ఫేబియన్ పెద్దల మీద, అంటే ఆమె భర్త మీద కూడా, తిరగబడ్డాడు. 1908లో సంఘం వదిలేశాడు. ఆ ఇంటి రహస్యాలూ తగాదాలూ జీవితచరిత్రకారులు కావలసినంత రాశారు. నాకు కావలసింది వేరు: ఆ బడి, ఆ నది, ఆ తండ్రులు ఎలా వచ్చారు? పుస్తకం చెప్పదు. హైడ్ పార్కులో ఉపన్యసించినవాళ్ళు ఏమయ్యారో చెప్పదు. ఒక సంస్కర్త పేరు తప్ప ఆ లోకానికి చరిత్ర లేదు. మెల్లమెల్లగా, ఎవరినీ నొప్పించకుండా, కమిటీలలోంచి సోషలిజం వస్తుందని నమ్మిన ఫేబియన్ల ఊహ ఇంతవరకే పోగలదు.

ఆ ఊహ ఎక్కడ తడబడిందో 1909 నాటి 'హార్డింగ్స్ లక్' చూపిస్తుంది. నా దృష్టిలో ఆమె పుస్తకాల్లో ఇదే అందరికన్నా బాధపెట్టేది. డికీ హార్డింగ్ డెట్‌ఫర్డ్ మురికివాడ పిల్లవాడు, కుంటివాడు. ఒక దిమ్మరి వాణ్ణి వెంటేసుకుని అడుక్కోవడానికి, ఆపైన దొంగతనానికి వాడుకుంటాడు. మాయవల్ల డికీ 1606లోకి వెళితే అక్కడ ప్రభువుల బిడ్డ, కాళ్ళు బాగున్నాయి, డెట్‌ఫర్డ్ పచ్చగా ఉంది. అక్కడ కొయ్య చెక్కడం నేర్చుకుంటాడు. వెనక్కి వచ్చి ఆ పనితో ఆ దిమ్మరిని కూడా పోషిస్తాడు. మాయలో నేర్చినదానిలో మెలకువలో మిగిలేది చేతిపని ఒక్కటే. ఇంత గట్టి ఆలోచన చేసిన రచయిత్రి చివరకు ఏం చేసింది? డికీ అసలైన వారసుడని తేలుతుంది. బంధువుల సుఖం కోసం తన హక్కు వదులుకుని 1606కే శాశ్వతంగా వెళ్ళిపోతాడు. అదే 1909లో బియాట్రిస్ వెబ్, ఆమె తోటివాళ్ళూ పేదల చట్టాన్ని ఎత్తివేసి ప్రతివాడికీ కనీస జీవనం హామీ ఇవ్వాలని అసమ్మతి నివేదిక ఇచ్చారు. సంఘం ముందుకు పోయే తోవ కాగితం మీద గీస్తున్న ఏడాదే, ఆ సంఘపు తొలి సభ్యురాలు మురికివాడ కుర్రవాణ్ణి రాజుల కాలానికి పంపించేసింది. ఆ రాజుల కాలంలో కొయ్య చెక్కేవాడి కొడుక్కి ఏ గతి పట్టిందో ఆమెకు తెలియక కాదు. ఆమెకు వర్తమానం మీద ఆశ సన్నగిల్లిందని నాకు అనిపిస్తుంది. 1900లో పదిహేనేళ్ళ ఫేబియన్ చిన్న శస్త్రచికిత్సకు బలైపోయాడు. డికీ బాగుపడ్డ కాళ్ళతో పరుగెత్తే పేజీల్లో ఆ తల్లి ఉందేమో. విమర్శకుడు అలాంటి మాటలు ఎక్కువ అనకూడదు.

ఈ పుస్తకాలలోంచి తరవాతివాళ్ళు చాలా తీసుకున్నారు. సి.ఎస్. లూయిస్ తన బాల్యంలో ఈ తాయెత్తు పుస్తకానికున్న చోటును చెప్పుకున్నాడు. 1955 నాటి 'ది మెజీషియన్స్ నెఫ్యూ'లో పరాయి లోకపు రాణిని లండన్ వీధుల్లోకి తెచ్చాడు కూడా. బండీ ఉంది, గందరగోళమూ ఉంది. మైల్ ఎండ్ రోడ్డు మాత్రం లేదు.

మెచ్చుకోలు ఇంతటితో ఆపి, చెప్పక తప్పని సంగతి చెబుతాను. 'ది ఫీనిక్స్ అండ్ ది కార్పెట్'లో (1904) వంటమనిషి ఒక దీవికి పోయి 'అడవి మనుషులకు' రాణి అవుతుంది. వంటమనిషిని రాణిని చేయడం బాగానే ఉంది. ఆ దీవివాసులకు మాత్రం మనుషుల ముఖాలు లేవు. అంతకన్నా కష్టమైనది నేను చేస్తున్న పుస్తకంలోనే, ఆ రాణి అధ్యాయంలోనే ఉంది. మ్యూజియం తరవాత కథ షేర్ల వ్యాపారుల వీధిలోకి పోతుంది. అక్కడి దళారులకు రచయిత్రి యూదుల పేర్లు పెట్టి, యాసతో మాట్లాడించి, పరిహాసం పట్టించింది. పెట్టుబడిని కొట్టబోయి ఒక జాతిని కొట్టింది. ఆ దెబ్బ యూరపులో తరవాత ఎక్కడిదాకా పోయిందో మనకు తెలుసు. బానిసల గురించి ఆ ప్రశ్న వేయించిన చెయ్యే కొన్ని పేజీల తేడాలో ఇదీ రాసింది. అప్పటి సోషలిస్టుల్లో చాలామందికి ఈ జాడ్యం ఉండేదనడం వివరణ అవుతుంది గాని సమాధానం కాదు.

సైన్సు మేష్టరు, ఇప్పుడు పుస్తకమంతా చదివాడు, ఆ పేర్లు తీసేసి ఊరికే దళారులని రాయమంటాడు. పదేళ్ళ పిల్లవాడికి లేని ద్వేషాన్ని మనం నేర్పడం దేనికని అతని వాదన. తీసేస్తే రచయిత్రిని కడిగి చూపించినట్టవుతుంది, రేపు ఇంగ్లీషులో చదివినవాడు నన్ను అడుగుతాడు. ఉంచి, ముందు ఒక పేజీలో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలని నేనంటాను. ఆ పేజీ మూడుసార్లు రాశాను. పిల్లలకు చెప్పినట్టు లేదు, సంఘానికి నివేదిక రాసినట్టుంది అని అతను మూడుసార్లూ తిప్పికొట్టాడు. మిగతా అధ్యాయాలన్నీ కంపోజింగుకు వెళ్ళాయి, ఇదొక్కటి నా బల్ల మీద ఉంది. నాలుగోసారి రాస్తున్నాను.